కండెల లేసు: ఆంగ్లదేశపు పల్లె స్త్రీల చేతిపని

లేసు అనిన తోడనే మన సోదరీమణులకు తోచునది కొక్కెపు సూదితో అల్లు క్రోషే పని. రవికె చేతులకును, దిండుగలీబులకును, బల్లగుడ్డల యంచులకును దానిని అల్లినవారు మన యిండ్లలో ఎందఱో కలరు. ఒకే సూది, ఒకే దారము, ఒకదాని వెంట నొకటిగా ఉచ్చులు. ఇది క్రోషే స్వభావము. కాని ఐరోపా ఖండమున లేసునకు మొదట గొప్ప పేరు తెచ్చిన పద్ధతులు వేఱు. అవి రెండు. ఒకటి సూదితో కుట్టునది. రెండవది అల్లుటకు సూదియే లేక, అనేక దారములను చిన్న చిన్న కండెలకు చుట్టి, గట్టి దిండుపై పఱచి, జడ వేసినట్లు అల్లునది. ఈ రెండవదానికి బాబిన్ లేసు అని పేరు. బాబిన్ అనగా మన నేతగాండ్ర కండె వంటి చిన్న పుల్ల. కావున మేము దీనిని కండెల లేసు అని పిలుచుచున్నాము.

దీనిని గుఱించి వ్రాయబూనుటకు మాకు కారణములు రెండు కలవు. ఈ పనికి మొదలు మిక్కిలి సులభము. ఎంతటి చిత్రమైన లేసైనను రెండే కదలికలతో సాగును. అది మొదటి కారణము. ఆ రెండు కదలికలను నమ్ముకొని ఆంగ్లదేశమున మూడు నూఱేండ్లకు పైగా వేలకొలది స్త్రీలును పసిబిడ్డలును బ్రదికిరి. వారి కథకును మన దేశపు లేసు స్త్రీల కథకును దగ్గఱి పోలిక కలదు. ఇది రెండవ కారణము.

పనిముట్లు

ముందుగా దిండు. ఇది తలక్రింద పెట్టుకొను మెత్తని దిండు కాదు. సన్నగా తఱిగిన గడ్డిని గట్టి గుడ్డసంచిలో కూరి, కొట్టి కొట్టి చెక్కవలె బిగించినది. అందు గ్రుచ్చిన గుండుసూది ఏ మాత్రమును కదలక నిలువవలయును. అదియే మంచి దిండునకు పరీక్ష.

దిండుపైన నమూనా. పూర్వము తోలుకాగితముపైనను, నేడు గట్టి అట్టపైనను, సన్నని రంధ్రములు పొడిచి దీనిని తయారు చేయుదురు. మన ముగ్గునకు చుక్కలెట్టివో ఈ లేసునకు రంధ్రములట్టివి. చుక్కలు సరిగా పడనిచో ముగ్గు వంకర పోవును. రంధ్రములు సరిగా పడనిచో లేసు వంకర పోవును. దారము మలుపు తిరుగు చోట్ల రంధ్రమునందు ఒక గుండుసూది గ్రుచ్చి, దారము జారిపోకుండ నిలుపుదురు. తుప్పు తెల్లని దారమునకు అంటకుండుటకై ఆ సూదులు ఇత్తడివై యుండును.

దారము పూర్వము అవిసెనారతో వడికిన సన్నని నూలు. పిమ్మట ప్రత్తినూలును వాడుకలోనికి వచ్చినది. దానిని చుట్టు కండె సుమారు నాలుగంగుళముల పొడవుండును. కొయ్యతోనో ఎముకతోనో చేయుదురు. ఆంగ్లదేశపు నడిమి జిల్లాలలో కండె చివర తీగకు గ్రుచ్చిన గాజుపూసల గుత్తి వ్రేలాడును. అది శృంగారము కొఱకు మాత్రమే యని తలపరాదు. పూసల బరువు దారమును బిగువుగా లాగియుంచును. కండె దిండుపై దొరలిపోకుండ ఆపును. పడమటనున్న డెవన్ జిల్లాలో కండెలకు పూసలే లేవు. అచ్చటి పనిలో కండెను లేసు ఉచ్చులలో నుండి దూర్చి తీయవలసి వచ్చును. కావున దాని కొన నునుపుగా, మొనదేలి యుండును. పని యెట్టిదో పనిముట్టును అట్టిదే గదా.

ఈ కండెలు పనిముట్లు మాత్రమే కావు. ఆ స్త్రీల జ్ఞాపకముల పెట్టెలు. ఎముక కండెలపై చిన్న చిన్న చుక్కలు చెక్కి, వానిలో ఎఱుపు, నీలము రంగులు నింపి పేళ్లు వ్రాయించుకొనెడివారు. బిడ్డ పుట్టిన దినము, తల్లి పోయిన దినము, వలచినవాడు బహూకరించిన మాట, అన్నియు వానిపై కలవు. ఉరిశిక్షలు సైతము వానికెక్కినవి. 1860 వ సంవత్సరమున భార్యను చంపిన నేరమునకు జోసెఫ్ కాజిల్ అనువానిని ఉరితీసిరి. ఆ వార్తను చెక్కిన కండెలు నేటికిని భద్రముగా నున్నవి. ఆ పల్లె స్త్రీలలో ఎందఱకో తమ పేరు తాము వ్రాసికొనుట రాదు. అయినను ఒడిలోని దిండుపై అయినవారి పేళ్లు కదలుచుండగా పనిచేసికొనిరి.

దాటు, మెలి

ఇక పని. ఒక్కొక్క దారమునకు రెండు కొనలుండును గదా. ఆ రెండు కొనలను రెండు కండెలకు చుట్టినచో అది ఒక జత. అట్టి రెండు జతలను ప్రక్క ప్రక్కనున్న రెండు సూదులకు తగిలింపవలయును. దిండుపై నాలుగు కండెలు వ్రేలాడును. ఎడమనుండి కుడికి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్క. ఈ లెక్క కండెకు కాదు, చోటునకు. కండెలు ఎన్నిమార్లు స్థలము మాఱినను, ఎడమ చివరనున్నది ఎల్లప్పుడును ఒకటవదే.

రెండవ కండెను మూడవదాని మీదుగా తీసి పెట్టుట మొదటి కదలిక. దీనిని దాటు అందము. రెండవదానిని ఒకటవదానిపైకిని, నాలుగవదానిని మూడవదానిపైకిని తీసి పెట్టుట రెండవ కదలిక. దీనిని మెలి యందము. దాటులో ఎప్పుడును ఎడమ దారము కుడిదానిపైకి పోవును. మెలిలో ఎప్పుడును కుడి దారము ఎడమదానిపైకి వచ్చును. ఇంతే. ఇంతకు మించిన మూడవ కదలిక ఈ విద్యలో లేదు.

దాటు, మెలి, దాటు అని చేసినచో ఒక జత మఱియొక జతలో నుండి దూరి ఆవలికి పోవును. మగ్గముపై పడుగులో పేక దూరినట్లు, దిండుపై చిక్కని గుడ్డ పుట్టును. పూవుల రేకులను, ఆకులను ఇట్లే నింపుదురు. దాటు, మెలి అని మాత్రమే చేసి విడిచి, తరువాతి జతకు పోయినచో దారములు ఏటవాలుగా ఒకదాని నొకటి కోసికొనుచు పలుచని జల్లెడవలె నగును. ఆ దాటు, మెలులనే అవే రెండు జతలతో మరల మరల చేసినచో నాలుగు పాయల జడ దిగును. దాటు ఒకటి, దానిపై మెలులు మూడు చేసి సూది గ్రుచ్చుచు పోయినచో సన్నని వల యేర్పడును. చిక్కదనము, పలుచదనము, వల, జడ, ఇవి అన్నియు ఆ రెండింటి కూర్పులే.

వెడల్పైన లేసు దిండుపై వందల కండెలుండును. చూచినవారికి అది చూపులకే చిక్కుపడిన అడవివలె నుండును. కాని అల్లునామె చేతిలో ఒక్కసారి నుండునవి నాలుగు మాత్రమే. ఆ నాలుగింటి పని తీరినపిమ్మట వానిని ప్రక్కకు జరిపి, తరువాతి నాలుగింటిని తీసికొనును. ఇల్లు నడపు స్త్రీకి ఈ మర్మము వేఱుగ చెప్పవలసిన పని లేదు.

నేర్చుకొనువారు పాటింపవలసిన నియమములు కొన్ని కలవు. మొదట ముతక దారముతో మొదలిడవలయును. అప్పుడే ఏ దారము దేనిపై పోయినదో కంటికి కనబడును. కండెలనన్నిటిని ఇంచుమించు ఒకే పొడవున వ్రేలాడనీయవలయును. వానిని పైకెత్తక, దిండుపై దొరలించుచు స్థలము మార్చవలయును. సూది గ్రుచ్చిన తరువాత ఆ జతలను మెల్లగా లాగి బిగువు సరిచూడవలయును. సూదులను వెంటనే తీసివేయక, కొన్ని అంగుళముల పని ముందునకు సాగిన పిమ్మట వెనుకనుండి తీయవలయును. తప్పు జరిగినచో కత్తెర అక్కఱలేదు. చేసిన కదలికలనే తలక్రిందుగా చేయుచు వెనుకకు పోయినచో పని విప్పుకొనును. నేడు ఆంగ్లదేశమున క్రొత్తవారికి ముందుగా చెప్పునది టార్షన్ అను సరళమైన లేసు. దాని నమూనా గళ్లకాగితముపై ఏటవాలుగా చుక్కలు పెట్టినచో సిద్ధమగును.

మూడు సీమలు, మూడు తీరులు

ఆంగ్లదేశమున ఈ లేసు మూడు తీరుల పేరొందినది. బకింగ్‌హామ్ సీమ లేసు అతి సన్నని వలనేలపై పూవులు పూచినట్లుండును. ప్రతి పూవు చుట్టును కొంచెము లావైన దారము గీత గీసినట్లు నడచును. పక్కనున్న బెడ్‌ఫర్డ్ సీమ లేసులో వల లేదు. జడలు, గోధుమగింజల వంటి చిన్న ఆకులు, వంపులు తిరిగిన తీగలు ఒకదానితో నొకటి పెనగొని యుండును. 1851 వ సంవత్సరమున లండనులో జరిగిన మహాప్రదర్శనమున మాల్టా ద్వీపపు లేసును చూచిన పిమ్మట ఈ పద్ధతి అచ్చట బలపడినది. బెడ్‌ఫర్డ్ పట్టణమున తామస్ లెస్టర్ అను వర్తకుడు దీనికి పక్షులు, జంతువులు, ఆకులు గల గొప్ప నమూనాలను కల్పించెను. ఆ పట్టణపు మ్యూజియమున అవి నేటికిని చూడవచ్చును. మూడవది డెవన్ సీమలోని హానిటన్ లేసు. దానిలో ఒక్కొక్క పూవును, ఒక్కొక్క ఆకును వేఱువేఱుగ అల్లి, పిమ్మట కలిపి కూర్తురు.

1840 వ సంవత్సరమున విక్టోరియా రాణి వివాహమునకు ధరించిన లేసు ఈ హానిటన్ లేసే. డెవన్ తీరమున బీర్ అను పల్లెయందును చుట్టుపట్లను రెండు నూర్లకు పైగా స్త్రీలు 1839 లో నెలల తరబడి దానిని అల్లిరి. యంత్రపు లేసు వచ్చి తమ పొట్టకొట్టిన దినములలో ఆ పని వారికి అన్నము పెట్టినది. రాణి పేరు లోకమంతటికిని తెలియును. ఆ రెండు నూర్ల మందిలో ఎందఱి పేళ్లు మనకు తెలియును?

దీపము చుట్టు బిడ్డలు

ఈ విద్య 16 వ శతాబ్దిలో ఆంగ్లదేశము చేరినది. ఫ్లాండర్సు దేశమునుండి మతహింసకు తాళలేక వలస వచ్చినవారి వలన వ్యాపించెనని పలువురి మతము. ఎనిమిదవ హెన్రీ రాజు విడనాడిన కాథరిన్ రాణియే దీనిని పల్లెపడుచులకు నేర్పెనని జనులు చెప్పుకొనెడివారు. దానికి తగిన సాక్ష్యము లేకపోయినను, నవంబరు 25 వ తేదీ వచ్చు సెయింట్ కాథరిన్ పండుగను లేసు స్త్రీలు తమ పండుగగా జరుపుకొనిరి.

లేసు బడులు అని పల్లెలలో ఉండెడివి. బడి యనిన పేరే గాని, అది ఒక ముసలమ్మ యింటిలోని చిన్నగది. ఐదాఱేండ్ల బిడ్డలను అందు చేర్చెడివారు. నేర్పినందుకు వారమునకు కొన్ని పెన్నీలు ఆమెకు చెల్లింపవలయును. చదువు నామమాత్రము; పని ముఖ్యము. పెద్ద బాలికలు దినమునకు పది గంటలకు మించి దిండు ముందు వంగి కూర్చుండెడివారు. పొగకు లేసు మాసిపోవునని గదిలో పొయ్యి రగిలింపరు. చలికి కాళ్లు కొంకర్లు పోకుండుటకై మట్టికుండలో వేడిబూడిద పోసి పావడాల క్రింద పెట్టుకొనెడివారు. ప్రొద్దు క్రుంకిన పిమ్మట ఒక ఎత్తుపీటపై ఒకే కొవ్వొత్తి వెలిగించి, దాని చుట్టు నీరు నింపిన గాజుబుడ్లు నిలిపెడివారు. కొవ్వొత్తి వెలుతురు ఆ బుడ్డిలో నుండి పోయి, ఒక్కొక్కరి దిండుపై రూపాయి బిళ్ల యంత మేర పడును. ఆ వెలుగులో పని సాగవలయును. దీపమునకు దగ్గఱి వరుసలో నేర్పరులు, వారి వెనుక తరువాతివారు, కడపటి వరుసలో చిన్నవారు.

మన స్త్రీలకు దంపుళ్లపాటలు, తిరుగటిపాటలు ఉన్నట్లు వారికి లేసుపాటలుండెడివి. గ్రుచ్చు సూదులను లెక్కించుచు, ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క చరణముగా పాడెడివారు. పాట చేతిని త్వరపెట్టును, నిద్రను ఆపును. అందులకే బడి నడుపు ముసలమ్మలు దానిని పాడించెడివారు.

ఇంత చేసినను వచ్చున దేమి? కవి విలియం కూపర్ ఓల్నీ అను పట్టణమున కాపురముండెను. అచ్చట సుమారు 1200 మంది లేసు పనివారు దారిద్ర్యమున మ్రగ్గుచున్నారని, వారిపై క్రొత్త భారము పడకుండ చూడవలెనని 1780 వ సంవత్సరమున లండనులోని మిత్రునకు జాబు వ్రాసెను. దారమును నమూనాలను ఇచ్చువాడును, లేసును కొనువాడును ఒకే వర్తకుడు. డెవన్ సీమలో కొందఱు వర్తకులు రొక్కమునకు బదులు తమ అంగడి సరకునే కూలిగా ఇచ్చెడివారు. హానిటన్ వల కొనునప్పుడు దానిపై పట్టినన్ని షిల్లింగులు పఱచి వెల కట్టెడివారని వాడుక. వినుటకు అది ధారాళముగా తోచును. కాని ఆ చోటు నిండుటకు ఎన్ని దినములు కన్నులు కాయలు కాచినవో ఆ షిల్లింగులు చెప్పవు.

1809 వ సంవత్సరమున జాన్ హీత్‌కోట్ దిండుపై అల్లు వలను పోలిన వల నేయు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. 1816 లో లవ్‌బరోలోని అతని మిల్లుపై పనివారు పడి యంత్రములను పగులగొట్టిరి. అతడు డెవన్ సీమలోని టివర్టన్‌నకు తరలిపోయి, మరల యంత్రములను నెలకొల్పెను. నానాటికి చేతిలేసు వెల పడిపోయినది. పిమ్మట 1860 ల లో బిడ్డల పనిని గుఱించి ప్రభుత్వ విచారణసంఘము లేసు బడులను పరీక్షించెను. 1867 లో వచ్చిన చట్టము 8 యేండ్లు నిండని బిడ్డలను చేతిపనులలో పెట్టరాదని శాసించెను. 1870 నాటి విద్యాచట్టముతో నిజమైన బడులు వచ్చినవి. లేసు బడులు ఒక్కొక్కటిగా మూతపడినవి.

ఒక విద్య క్షీణించినదని వగచుట సహజమే. కాని పసిబిడ్డ కన్నులు ఆ కొవ్వొత్తి ముందునుండి తప్పించుకొన్నందుకు మేము వగవజాలము. విద్య నిలువవలయును, దాని పేర జరిగిన పీడనము పోవలయును. ఆంగ్లదేశమున ఈ రెండును చాలవఱకు జరిగినవి. 1976 లో అచ్చట లేసు గిల్డు అను సంఘము స్థాపితమైనది. నేడు కడుపు కొఱకు గాక కోరికకొలది నేర్చుకొనువారు తరగతులలో కూడుచున్నారు. ఒకనాడు ఐదేండ్ల పిల్ల ఏడ్చుచు చేసిన పనిని, నేడు అమ్మమ్మలు నవ్వుచు చేయుచున్నారు. కదలికలు అవే రెండు. మాఱినది బలవంతము.

మన తీరమున

ఈ దిండు మన దేశమునకును వచ్చినది. తిరువాన్కూరు రాజ్యములోని నాగర్‌కోయిలునందు లండను మిషనువారి స్త్రీలు, వారిలో ముఖ్యముగా మార్తా మాల్ట్ అను నామె, 19 వ శతాబ్ది తొలి దశకములలో బాలికలకు కండెల లేసు నేర్పిరి. ఆ సీమలో అప్పటికింకను బానిసత్వము కలదు. లేసు కూలిని కూడబెట్టి కొందఱు బాలికలు తమ స్వాతంత్ర్యమును తామే కొనుక్కొనిరని మిషనువారి వ్రాతలు తెలుపుచున్నవి. ఆ బాలికల చేతికి మాత్రము కండె తాళపుచెవి యైనది.

మన నరసాపురమునకు వచ్చిన లేసు వేఱు. అది కొక్కెపు సూదితో అల్లు క్రోషే. దానిని 19 వ శతాబ్దిలో మిషను స్త్రీలే నేర్పిరి. పనిముట్టు వేఱైనను కథ ఒకటియే. ఇంటి వాకిట కూర్చుండి స్త్రీలు అల్లిన లేసు సముద్రములు దాటిపోయినది. 1982 లో వెలువడిన తన గ్రంథమున జర్మను విదుషి మారియా మీస్ ఈ సంగతిని విప్పి చెప్పెను. గంటల తరబడి అల్లు ఈ స్త్రీలను లోకము పనివారుగా లెక్కింపక, తీరిక పొద్దు పుచ్చుకొను గృహిణులుగా లెక్కించినది. అందుచేత కూలి అతి స్వల్పమై, లాభము వర్తకులకు చేరినది. తీరిక వేళ పని యనెడి ఒక్క మాట ఎంత కూలిని మ్రింగివేసినదో చూడుడు. 2024 లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. పేరునకు రక్షణ కలిగినది, సంతోషమే. అల్లిన చేతికి తగిన వెల కలుగుట ఇక కొనువారి చేతిలోను, కొనిపించువారి చేతిలోను ఉన్నది.

కావున సోదరీమణులకు మా మనవి యొకటి. ఒక్క మధ్యాహ్నము ఈ దాటును మెలిని చేసి చూడుడు. గడ్డితో గట్టిగా కూరిన చిన్న దిండు, నాలుగు వెదురుపుల్లలు, కొంచెము ముతక నూలు, పది గుండుసూదులు చాలును. ఒక్క అంగుళము జడ దిగువఱకు విడువకుడు. మీ బాలికలకును ఆడుకొనుటకు చూపుడు, పనిగా పెట్టకుడు. ఆ అంగుళమునకు ఎంత సేపు పట్టినదో గడియారమున చూచుకొనుడు. సన్నని దారముతో, వందల కండెలతో అల్లిన మూర లేసునకు ఎంత పట్టియుండునో అప్పుడు మీకే లెక్క తేలును.

తాను అల్లి చూచిన స్త్రీ లేసు అమ్మవచ్చినదానితో బేరమాడునప్పుడు నోరు కొంచెము తడబడును. ఆ తడబాటే ఈ విద్య మనకు నేర్పు మొదటి పాఠము. అందము అంచున నుండును. దాని వెల అల్లిన వ్రేళ్లలో నుండును. ఆ వెలను చెల్లించుటకు మనము వెనుకాడకుందుముగాక.